చల్లారాక తీసిన కొలత

కుర్చీలో కూర్చునే ముందు మెకానిక్ తన చేతులు ఒకసారి తిప్పి చూసుకున్నాడు. సబ్బుతో కడుక్కునే వచ్చాడు. అయినా గోళ్ల చుట్టూ నల్లటి గీతలు అలాగే ఉన్నాయి. ముప్ఫై ఏళ్ల ఆయిలు అది, సబ్బుకు లొంగేది కాదు. కూర్చున్నాక కుడి చెవి వెనక నుంచి వినికిడి మిషన్ తీసి, జేబురుమాలు పరిచి, దాని మీద పెట్టి, రుమాలుతో సహా బల్ల మీదుగా ఆమె వైపు జరిపాడు, చంటిపిల్లను అప్పగించినట్టు.

"మళ్లీ వచ్చాను డాక్టరమ్మా. విసుక్కోకండి."

"నేను డాక్టర్ని కాను, మిషన్లు పెట్టేదాన్నని ఎన్నిసార్లు చెప్పాలి మేస్త్రీ గారూ," అందామె, పెదాలు స్పష్టంగా కదుపుతూ, గొంతు పెంచి.

"మీరు చెప్తూనే ఉన్నారు. నాకే సరిగ్గా వినపడటం లేదు."

నెలలో ఇది నాలుగోసారి రావడం. ఆమె నవ్వింది గానీ నవ్వు చివరిదాకా రాలేదు. మిషన్ చేతిలోకి తీసుకుని గొట్టం విడదీసి వెలుతురుకు ఎత్తి చూసింది. లోపల గులిమి లేదు, తడి లేదు. సన్నటి కుంచె పెట్టి అలవాటు కొద్దీ ఒకసారి తుడిచింది. బ్యాటరీ చూసింది. తన చెవులకు గొట్టం తగిలించుకుని, మిషన్ ముందు చిటికెలు వేసి విన్నది. అన్నీ బాగానే ఉన్నాయి. పోయినసారీ బాగానే ఉన్నాయి. మిషన్ మళ్లీ ఆయన చెవికి పెట్టి, ఎదురుగా కూర్చుంది.

"మాటలు ఎలా ఉన్నాయి?"

"మాటలకేం, బ్రహ్మాండం. మా ఆవిడ వంటింట్లో గొణుక్కునేది కూడా వినపడుతోంది. అది నాకు అంత అవసరం లేదు."

"మరి?"

"ఇంజినే పోయింది." ఆయన అరచెయ్యి గాలిలో మెల్లగా వెనక్కి లాగాడు. "స్టార్ట్ చేయగానే వినపడుతుందమ్మా. చెవి ఒగ్గి, ఇంక లోపలికి వెళ్దాం, ఏది ఎక్కడ కొట్టుకుంటోందో చూద్దాం అనేసరికి, ఎవరో తలుపు దగ్గరకేసినట్టు దూరమైపోతుంది. మీరేమో చెవులే తగ్గాయన్నారు. తగ్గితే అన్నీ తగ్గాలి గదా, ఇదొక్కటేనా? నాకు తెలియక అడుగుతున్నాను."

ఆమె వెనక గోడ మీద కొత్త మోడల్ మిషన్ బొమ్మ వేలాడుతోంది. ఆ చోట రెండేళ్లలో అది మూడో బొమ్మ. పాతవి చింపినప్పుడు మిగిలిన జిగురు మచ్చలు దాని అంచుల్లోంచి కనిపిస్తున్నాయి. మెకానిక్ బొమ్మను చూశాడు, తర్వాత తన చేతులు చూసుకున్నాడు.

"ఒక వ్యాను ఉంది. బడి పిల్లల్ని తిప్పుతాడు దాని యజమాని. పన్నెండేళ్లుగా నా దగ్గరికే వస్తాడు. పోయిన వారం తెస్తే చెవి పెట్టి విని, బాగుంది వెళ్లిరా అన్నాను. మర్నాడు దారిలో బేరింగు పట్టేసింది. పిల్లల్ని దింపేశాక, నయం."

"అయ్యో. అందులో మీ తప్పేముంది?"

"బాగుందన్నది నేనే కదా." ఆ మాట చాలా మామూలుగా అన్నాడు. "నేనే వెళ్లి బండి లాక్కొచ్చి, ఇంజిను మొత్తం విప్పి మళ్లీ కట్టి ఇచ్చాను. ఆయన ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది. మొన్న ఇంకేదో పని మీద వచ్చినప్పుడు మాత్రం, నేను ఎదురుగా నిలబడి ఉండగానే, తాళం మా తమ్ముడి చేతికిచ్చాడు."

ఆమె బల్ల మీది కుంచెను దాని డబ్బాలో పెట్టింది.

"సోమవారం నుంచి తమ్ముణ్ణే చూడమన్నాను. వినే పని వాడిది. నేను సామాన్లు కడిగి పెడతాను, బిగిస్తాను. అదీ పనే. ఒక్క సంగతి అడిగి పోదామని వచ్చాను." ఆయన గోడ మీది బొమ్మ వైపు గడ్డం ఎత్తి చూపించాడు. "అది పెడితే ఇంజిను వినపడుతుందా?"

జవాబు ఆమె నాలుక మీద సిద్ధంగా ఉంది. తప్పకుండా, ఇది ముందుదానికంటే చాలా నయం. ఆ మాట ఎంత సిద్ధంగా ఉందంటే, అది తను ఆలోచించిన మాట కాదని ఆమెకు ఆ క్షణంలోనే తెలిసిపోయింది. ఇప్పుడు ఆయన చెవికున్న మిషన్ అమ్మినప్పుడు అన్నది అదే మాట. అంతకు ముందు మోడల్‌కీ అదే.

"చూసి చెప్తాను."

"చూడండి. మీరు ఊ అంటే పెట్టేస్తాను. ఆ కంపెనీ ఎవరో నాకు తెలియదు. నాకు తెలిసింది మీరు."

ఆయన వెళ్లాక ఆమె ఆయన ఫైలు తీసింది. చెవి పరీక్ష గ్రాఫులు రెండు, ఒకటి నిరుటిది, ఒకటి ఈ నెలది. నిరుటి గీత మెల్లగా వాలే దారిలా ఉంది. ఈ నెలది సగం దాకా అలాగే వచ్చి, ఒకచోట గట్టు తెగినట్టు కిందికి పడింది. ఆ పడినచోట తన పెన్ను గుర్తు ఉంది. గ్రాఫు ఆయన వైపు తిప్పి, "చూశారా, ఇదిగో ఇక్కడ పోయింది," అన్నప్పటి గుర్తు. అప్పటి తన గొంతు ఆమెకు గుర్తొచ్చింది. అందులో జాలి ఉన్న మాట నిజమే, దాని కింద ఇంకొకటి కూడా ఉంది. కారణం దొరికిన సుఖం.

గ్రాఫు అడుగున చిన్న అక్షరాల్లో తేదీ, దాని పక్కన వేళ. సాయంత్రం ఆరూ నలభై.

ఆ రోజు దుకాణం మూసే సమయం. ఆయన షెడ్డు నుంచి నేరుగా వచ్చాడు. చొక్కా మార్చుకున్నాడు గానీ జుట్టులో ఇనుప పొట్టు ఉంది. పొద్దుటి నుంచీ లారీ ఛాసిస్ మీద సుత్తి పని అని కూడా చెప్పాడు. రోజంతా సుత్తి చప్పుడు విన్న చెవి సాయంత్రానికి మొద్దుబారుతుంది. రాత్రి నిద్రపోతే తేరుకుంటుంది. చప్పుడులో పనిచేసేవాళ్లకు పరీక్ష పొద్దున్నే పెట్టాలన్నది ఈ పనిలో చేరిన మొదటి వారంలో నేర్పే పాఠం. తను ఎందరికి నేర్పలేదు ఆ పాఠం!

ఫోను చేసింది. మాటలు బ్రహ్మాండంగా వినపడుతున్న మనిషి వెంటనే ఎత్తాడు.

"ఆదివారం పొద్దున రండి. దుకాణం సెలవే గానీ నేను తెరుస్తాను. శనివారం మాత్రం షెడ్డుకు వెళ్లకండి. చప్పుడుకు దూరంగా, ఇంట్లోనే ఉండండి."

అవతల నుంచి నవ్వు.

"చల్లారాక చూస్తారన్నమాట."

"అంటే?"

"వాల్వు మీద కొట్టే ట్యాపెట్ ఉంటుంది చూడండి, దాని సందు కొలత వేడి ఇంజిను మీద తీయం డాక్టరమ్మా. ఇనుము సాగి ఉంటుంది, కొలత అబద్ధం చెప్తుంది. రాత్రంతా చల్లారనిచ్చి పొద్దున తీస్తాం. పోయినసారి మీరు వేడి మీద తీశారా ఏంటి?"

"ఏమోనండీ... ఆదివారం చూద్దాం," అందామె.

ఫోను పెట్టేశాక ఆ 'ఏమోనండీ' చెవిలో కాస్త గుచ్చుకుంది. దాన్ని ముల్లులా తీసేసుకుని పనిలో పడింది.

శుక్రవారం పొద్దున తీరిక దొరకగానే ల్యాప్‌టాప్ తెరిచింది. మూడు వారాలకొకసారి కంపెనీ మిషన్ల లోపలి పనితీరుకు మార్పు పంపుతుంది. దానితో పాటు ఏమేమి మారిందో జాబితా వస్తుంది. జాబితా కింద 'చదివాను' అని ఒక మీట. ఆమె ఆ మీట ఎన్నిసార్లు నొక్కిందో లెక్కలేదు, జాబితా చదివింది మాత్రం లేదు. మూడు వారాలకొకసారి వచ్చేదాన్ని ఎవరు చదువుతారు? ఎవరైనా మిషన్ శుభ్రం చేయించుకోవడానికి తెస్తే, చేత్తో గొట్టం తుడుస్తూ, ఇంకో చేత్తో మిషన్‌ను ల్యాప్‌టాప్‌కు తగిలించి మార్పు ఎక్కించేస్తుంది. అడగాలన్న ఆలోచన రాదు. అద్దాలు తుడిచి ఇచ్చేవాడు అడుగుతాడా?

మెకానిక్ మిషన్‌కు మార్పు ఎక్కించిన తేదీ చూసింది. ఈ నెల మొదట్లో ఆయన వచ్చింది గొట్టం శుభ్రానికే. ఇంజిను పోయిందని మొదటిసారి వచ్చింది దానికి మూడు రోజుల తర్వాత.

ఈసారి జాబితా చదివింది. ఏడో వరుస దగ్గర వేలు ఆగింది. 'ఒకే తీరుగా సాగే చప్పుళ్లను గుర్తించి, మాట స్పష్టంగా వినపడేందుకు వీలుగా వాటిని మరింత తగ్గించడం.' ఒకే తీరుగా సాగే చప్పుళ్లు. ఫ్యాను. వాన. ఇంజిను. ఎక్కడో ఒక నిశ్శబ్దమైన గదిలో ఎవరో కూర్చుని, మనిషి వినాలనుకునేది మనిషి మాటనే అని తీర్మానించేశారు. అందులో దురుద్దేశం ఏమీ లేదు. చాలామందికి అది మేలే చేసి ఉంటుంది. అదే ఆమెకు ఇబ్బందిగా అనిపించింది. దుర్మార్గం ఉంటే కోపం తెచ్చుకోవడానికి వీలుండేది.

మేనేజరుకు ఫోను చేసింది. ఆమె కంటే ఇరవై ఏళ్లు చిన్నవాడు, ఎప్పుడూ నడుస్తూ మాట్లాడతాడు.

"ఒకాయన మిషన్‌లో పాత పద్ధతి మళ్లీ పెట్టాలి. కుదురుతుందా?"

"పాతది ఇంక లేదు మేడమ్. తీసేశారు."

"వెనక్కి వెళ్లే దారే లేదా?"

"మన దగ్గర దారి ముందుకే మేడమ్. కొత్త మోడల్ ఇవ్వండి, పాతది ఇచ్చేస్తే తగ్గింపు ఉంది కదా. లేదా ఒక నెల ఆగమనండి, ఇంకోటి వస్తోంది."

"మొన్ననే కదా ఒకటి వచ్చింది?"

"అది మొన్న," అన్నాడతను, జోకుగా కాదు. తర్వాత నడక ఆపినట్టున్నాడు, గొంతు దగ్గరగా వచ్చింది. "ఎవరైనా గట్టిగా అడిగితే నోటితో నచ్చజెప్పండి మేడమ్. కాగితం మీద మాత్రం ఏమీ పెట్టకండి. వేరే శాఖలో ఒకావిడ ఇలాగే మిషన్‌దే తప్పని రాసిచ్చింది. ఇప్పుడు ఆవిడ మనతో లేదు."

మధ్యాహ్నం బట్టలు కుట్టే ముసలావిడ వచ్చింది. ఎనిమిదేళ్ల నుంచి వస్తుంది, ఎప్పుడూ తొందరలోనే ఉంటుంది. చెవి మిషన్ తీసి ఇస్తూ దాన్ని వెంటనే వదల్లేదు.

"అమ్మాయ్, పైపైన తుడిచి ఇయ్యి చాలు. దాని బుర్ర ముట్టుకోకు."

"ఏం పెద్దమ్మా?"

"పోయినసారి నువ్వు దానికి తాడు తగిలించి ఏదో చేశాక నా కుట్టుమిషన్ నాకే పరాయిదైపోయింది. దారం తెగినా తెలియట్లేదు. కాలు ఆడుతూనే ఉంటుంది, కింద చూస్తే గుడ్డ ఉత్తిదే."

"మరి అప్పుడే వచ్చి చెప్పలేదేం?"

"చెప్తే కొత్తది కొనుక్కోమంటావని," అంది ముసలావిడ. కోపం లేదు ఆ మాటలో. ఎండ ఎక్కువగా ఉందన్నట్టు చెప్పింది. "నీ ఉద్యోగం నీది, ఏం చేస్తావు. ఇదిగో, ఆ గోడ మీది బొమ్మయినా నేను ఇంటికెళ్లేదాకా ఉంటుందా, అప్పుడే మార్చేస్తారా?"

ఆమె కుంచెతో గొట్టం తుడిచి ఇచ్చేసింది. తాడు తగిలించలేదు. ముసలావిడ వెళ్లిపోయాక చాలాసేపు బల్ల దగ్గరే నిలబడింది. ఇన్నాళ్లూ కంపెనీ వేరు, తను వేరు అనుకుంటూ వచ్చింది. కంపెనీ మీద జోకులు వేసేది, వచ్చినవాళ్లతో కలిసి నవ్వేది. తను వాళ్ల వైపు మనిషిననే నమ్మకం ఆమెకు లోపల ఒక చిన్న ఆస్తి. కానీ వాళ్లు ఎప్పటి నుంచో తనకు భయపడి నిజం దాచుకుంటున్నారు. కంపెనీకి వాళ్లకు తెలిసిన ముఖం ఒకటే ఉంది, అది తనది.

శనివారం మధ్యాహ్నం దుకాణం మూసి షెడ్డుకు నడిచింది. ఫోనులో ఇంజిను చప్పుడు పట్టుకుంటే, ఆదివారం ఆయనకు వినిపించి చూడవచ్చని ఆలోచన.

రేకుల కప్పు కింద రెండు బండ్లు నోరు తెరుచుకుని ఉన్నాయి. మెకానిక్ తమ్ముడు ఒకదాని మీద వంగి ఉన్నాడు. అన్నలాంటి భుజాలే, జుట్టు మాత్రం ఇంకా నల్లగా ఉంది. గోడ పక్కన ఒక ఎత్తు పీట, దాని మీద ఇప్పుడు నట్ల డబ్బా పెట్టి ఉంది.

"అన్నయ్య రాలేదండీ ఇవాళ. నాకు తెలిసి జ్వరం లేకుండా మానడం ఇదే మొదటిసారి," అన్నాడు తమ్ముడు, చేతులు గుడ్డకు తుడుచుకుంటూ. "పని ఏమన్నా ఉంటే నాకు చెప్పండి. ఇంక అన్నీ నేనే చూస్తున్నా."

"ఇంజిను చప్పుడు కాస్త వినాలి. ఆయన ఎలా వింటారో చూద్దామని."

అతను వింతగా చూశాడు గానీ ఒక బండి స్టార్ట్ చేశాడు. పొడవాటి స్క్రూడ్రైవర్ తీసి, దాని ముక్కు ఇంజిను మూత మీద ఆనించి, పిడి చెవి ముందు ఎముకకు ఆనించి చూపించాడు. తర్వాత ఆమెకిచ్చాడు. ఆమె వంగింది. ఇనుప కడ్డీలోంచి చప్పుడు ఎముకలోకి ఎక్కింది. అది ఒక్క చప్పుడు కాదు, జనంతో నిండిన ఇల్లు. ఒకచోట దరువు, ఒకచోట ఈల, వెనకెక్కడో ఎవరో పళ్లు కొరుకుతున్నట్టు. పదిహేనేళ్లుగా చెవులతో పనిచేస్తూ, మీరు ఏం వింటారని తను ఎవరినీ అడగలేదు. మాటలు ఎలా ఉన్నాయనే అడిగింది.

"దీంట్లో ఏది ఏమిటో మీకు తెలుస్తుందా?"

"పని నాకు వచ్చండీ, విప్పడం, కట్టడం. వినడం అన్నయ్యదే. కూర్చుని కళ్లు మూసుకుంటే చాలు, మూడోది అనేవాడు, నేను వెళ్లి మూడోది విప్పేవాణ్ణి." తమ్ముడు నట్ల డబ్బా వైపు చూసి చూపు తిప్పేసుకున్నాడు. "ఏం చేస్తాం, వయసు. వ్యాను దగ్గర దెబ్బతిన్నాం. నేను అప్పటికీ అన్నాను, ఇంకొకసారి చూపించుకో అన్నయ్యా అని. చూపించుకోవడానికి ఏముంది, ఆ మిషన్ల డాక్టరమ్మే గీత గీసి చూపించిందట కదా చెవులు పోయాయని. ఇంక ఆవిడ చెప్పాక వాదనేముంది?"

ఇంజిను ఆడుతూనే ఉంది. ఆమె స్క్రూడ్రైవర్ అతనికిచ్చేసింది.

"ఆవిణ్ణి నేనే," అంది.

"ఏంటండీ?" అన్నాడు తమ్ముడు, చప్పుడులో వినపడక.

ఆమె తల అడ్డంగా ఊపి, ఫోను ఇంజిను దగ్గర పెట్టి రెండు నిమిషాలు ఆ చప్పుడు పట్టుకుంది. "ఈ బండి అయిపోయిందా?" అని గట్టిగా అడిగింది.

"అయిపోయిందండీ. సోమవారం ఇచ్చేస్తా."

ఆదివారం పొద్దున షట్టరు సగమే ఎత్తింది. మెకానిక్ వంగి లోపలికి వచ్చాడు. ఉతికిన చొక్కా, నున్నగా గీసుకున్న గడ్డం. "నిన్నంతా గోడకు ఆనుకుని కూర్చున్నాను. మా ఆవిడ తట్టుకోలేకపోయింది," అన్నాడు.

మందపాటి తలుపున్న చిన్న గదిలో కూర్చోబెట్టి చెవులకు పెద్ద హెడ్‌ఫోను డిప్పలు తగిలించింది. అద్దానికి ఇవతల కూర్చుని మీట తిప్పింది. చప్పుడు వినపడినప్పుడల్లా ఆయన వేలు ఎత్తాలి. ఆయన కళ్లు మూసుకున్నాడు. వేలు లేచింది, వాలింది, లేచింది. అంచున నల్లగీత ఉన్న లావుపాటి చూపుడువేలు. ఆమె ఇంకా తగ్గించింది. లేచింది. ఇంకా తగ్గించింది. క్షణం ఆగి, మళ్లీ లేచింది. గ్రాఫు మీద ఒక్కొక్కటే ఎర్రటి సున్నా పెట్టుకుంటూ వెళ్లింది. గట్టు తెగినచోటికి వచ్చింది. అక్కడా వేలు లేచింది.

నిరుటి సున్నాల మీదే కొత్త సున్నాలు పడ్డాయి.

బయటికి పిలిచి, మిషన్ పెట్టి, మూడు గ్రాఫులూ బల్ల మీద పరిచి చెప్పింది. చెవులు తగ్గలేదని, ఈ నెల మొదట్లో మిషన్‌లో ఎక్కించిన మార్పు ఇంజినులాంటి చప్పుళ్లను కావాలనే అణచేస్తోందని, తగ్గింది అదేనని. ఆయన మధ్యలో ఏమీ అడగలేదు. చివర నిరుటి గీతనూ ఇవాళ్టి గీతనూ వేలితో ఒకసారి పాముకుంటూ వెళ్లాడు.

"అయితే చెవులున్నాయి."

"ఉన్నాయి."

ఆయన కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు. వీపు ఒకసారి ఎగసి కిందికి దిగింది. ఆమె ఫైలు సర్దుతున్నట్టు నటించింది.

తర్వాత స్పీకరులో షెడ్డు చప్పుడు పెట్టింది. ఆయన తల వంచాడు. ఐదు లెక్కపెట్టేలోగా చెయ్యి ఎత్తాడు. "ఇదిగో, పోతోంది. వేసేశారు తలుపు."

ఆమె అద్దాల బీరువా తెరిచి, చూపించడానికి పెట్టే మిషన్ ఒకటి తీసింది. ఆయనదే మోడల్. అది ఏనాడూ దేనికీ తగిలించింది కాదు కాబట్టి లోపల పాత పద్ధతి అలాగే ఉంది. నెట్టు లేని పాత ల్యాప్‌టాప్ మీద ఆయన కొలతలు దానికి ఎక్కించి చెవికి పెట్టింది. చప్పుడు మళ్లీ మొదలైంది. ఐదు గడిచాయి. పది. ఇరవై. ఆయన కళ్లు మూసుకునే ఉన్నాడు. మెడ మెల్లగా పక్కకు వాలింది, ఒక గదిలోంచి ఇంకో గదిలోకి తొంగి చూస్తున్నట్టు.

"ఇది మా షెడ్డుదేనా?"

"నిన్నటిదే. పని అయిపోయిందట, సోమవారం ఇచ్చేస్తారట."

"అయిపోయిందన్నాడా?" మెకానిక్ కళ్లు తెరిచాడు. "మూడో ట్యాపెట్ వదులుగా ఉంది. వెధవ."

నెల రోజుల తర్వాత ఆ ముఖం మీద నవ్వు చూసింది. తనకూ నవ్వొచ్చింది. మిషన్ తీసుకుని, ఆయన చెవిలో ఇమిడే అచ్చును దానికి అమర్చడానికి పాత గొట్టం కత్తిరిస్తూ, గొంతు పెంచి చెప్పింది.

"ఇది మీరు పట్టుకెళ్లండి. మీది బీరువాలో పెడతాను. ఎవరికీ చెప్పకండి. నెట్టుకు తగిలించకండి. శుభ్రానికి కూడా నా దగ్గరికే తేవాలి."

ఆయన ఆమె పెదాలనే చూస్తున్నాడు. "ఎవరికీ చెప్పకుండా ఎలాగమ్మా? మా షెడ్డులో మీ మాట ఉంది కదా."

ఆమె కత్తెర ఆగింది.

"రేపు నేను వెళ్లి నాకు వినపడుతోందంటాను. అలా అనని చెవిటివాడు ఎవడు చెప్పండి? ట్యాపెట్ సంగతి చెప్తే ఏదో తగిలిందిలే అంటారు. మీరు గీత చూపించారు, ఆ గీత సంగతే నేను ఇంటికెళ్లి చెప్పాను. వ్యానాయనకీ చెప్పాను. ఇప్పుడు ఇది కూడా కాగితం మీద పెట్టి ఇవ్వండి. మీ ముద్ర వేసి."

ఇప్పుడు ఆవిడ మనతో లేదు. మేనేజరు గొంతు ఆమెకు నడుస్తూ ఎదురొచ్చింది. బీరువాలోంచి మిషన్ ఇవ్వడం వేరు. అది మంచితనం, ఎవరికీ తెలియదు, తనకు తప్ప. ఆయన అడుగుతున్నది మంచితనం కాదు. ఆమె మిషన్‌ను రుమాలు మీద పెట్టింది. సొరుగు లాగి దుకాణం పేరున్న కాగితం తీసింది.

రాయడం మొదలుపెట్టాక తేలికగానే వచ్చింది. చెయ్యి ఆగలేదు. ఇంకు ఆరనిచ్చి, సంతకం పెట్టి, ముద్ర వేసింది. ఛాతీలో ఏదో విచ్చుకున్నట్టు ఉంది. ఆయన కళ్లద్దాలు తేలేదు, చదివి వినిపించమన్నాడు. చెవికి మిషన్ లేదు కనుక ఒక్కొక్క మాటా నిలబెట్టి, గట్టిగా చదివింది.

"'ఈయన వినికిడిలో నిరుటికీ ఇప్పటికీ తేడా లేదు. ఈ నెలలో కంపెనీ పంపిన మార్పు వల్ల ఈయన చెవి మిషన్ ఇంజిను చప్పుళ్లను అణచివేసింది. ఆ మార్పు ఈయనను అడగకుండా ఎక్కించాం. దాని వల్ల పనిలో జరిగిన పొరపాటుకు ఈయన చెవులు కారణం కాదు.'"

మెకానిక్ తల ఊపుతూ విన్నాడు.

"అంతేనా?"

"అంతే."

ఆయన కాగితం వైపు చూశాడు, బల్ల మీది మూడు గ్రాఫుల వైపు చూశాడు. మధ్య గ్రాఫును వేలితో నెమ్మదిగా ఆమె వైపు జరిపాడు.

"మరి ఇది? ఇందులో మిషన్ లేదు కదమ్మా. డిప్పలు పెట్టి తీసిందే కదా. కంపెనీ మార్పు దీంట్లోకి ఎలా వచ్చింది?"

ఆమె చూపు గ్రాఫు అడుగున ఉన్న వేళ మీద పడింది.

"వేడి మీద తీశారు," అన్నాడు ఆయన. నిందలాగా లేదు. ఇంజిను గురించి చెప్పినట్టే చెప్పాడు. "ఫోనులో అడిగితే ఏమోనండీ అన్నారు. నేను ఇంక అడగలేదు. కానీ తమ్ముడు ఈ గీత గురించి అడుగుతాడు. తప్పంతా ఎక్కడో ఉన్నవాడిదేనని రాసిన కాగితం నేనయినా నమ్మను డాక్టరమ్మా."

కంపెనీ మాట రాసేటప్పుడు ఉద్యోగం పోతుందని తెలిసి కూడా చెయ్యి ఆగలేదు. ఇప్పుడు ఒక్క వరుస. దానికి ఎవరూ ఉద్యోగం తీయరు. అయినా పెన్ను మూత తీయడానికి చాలాసేపు పట్టింది. ముద్ర కింద మిగిలిన చోటులో రాసింది. మళ్లీ సంతకం పెట్టింది.

"చదవండి."

చదివింది.

"వినపడలేదమ్మా," అన్నాడు మెకానిక్.

మిషన్ రుమాలు మీదే ఉందని ఆమెకు అప్పుడు గుర్తొచ్చింది. మిగతాదంతా అంత గట్టిగా చదివిన గొంతు ఈ వరుస దగ్గర దానంతటదే ఎప్పుడు దిగిందో తనకే తెలియలేదు. సగం ఎత్తిన షట్టరు కింద నుంచి వీధిలో నడిచేవాళ్ల కాళ్లు కనిపిస్తున్నాయి. ఆమె కాగితం రెండు చేతులతో పట్టుకుని, తలెత్తి, ఆయన ముఖంలోకి చూస్తూ చదివింది.

"'చెవులు తగ్గాయని నేను చూపించిన గ్రాఫు తప్పు. పని చేసి వచ్చిన సాయంత్రం ఆ పరీక్ష పెట్టడం నా పొరపాటు.'"

వీధిలో ఒక జత కాళ్లు ఆగి, మళ్లీ నడిచాయి.

"ఆ. వినపడింది," అన్నాడు మెకానిక్. కాగితం తీసుకుని నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. తర్వాత కుర్చీ ముందుకు జరుపుకుని, తల పక్కకు తిప్పి, మిషన్ పెట్టమని కుడి చెవి ఆమెకిచ్చాడు.